మూడువేల నంబరు తలుపు

జాన్ పాల్‌ని ఉదయం ఏడూ పదికి చంపేశారు.

సరిహద్దు అవతల, నది ఒడ్డున ఉన్న ఒక దిక్కుమాలిన పట్టణంలో, తెల్ల వ్యానులో స్టీరింగ్ ముందు కూర్చున్నవాడిని కూర్చున్నట్టే కాల్చేశారు. రెండు గుళ్ళు. కప్పులో టీ ఇంకా చల్లారలేదు. వ్యాను నంబరు వాళ్ళకి తెలుసు. ఆగే చోటు తెలుసు. అంత వివరంగా శత్రువుకి చెప్పిన మహానుభావుడెవరో తెలియాలి.

ఆ కబురు అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో దిమ్మలు మోస్తున్న నానాజీకి తొమ్మిదింటికి చేరింది.

నానాజీ అసలు కళాసీ కాదు. మూడు నెలలుగా కళాసీ వేషంలో ఉన్న, సెక్షన్ సెవెన్ అనే గూఢచారి శాఖ ఏజెంట్. తలకి తువ్వాలు, ఒంటికి బెల్లం జిగురు, ఆ జిగురుకి ఈగలు. వేషమంటే మీసం అంటించుకోవడమే అనుకునేవాళ్ళు ఒక్క పూట వచ్చి దిమ్మలు మొయ్యండి, నడుము చెబుతుంది. తువ్వాలు మడతలో, చెవి వెనక, శనగగింజంత ఇయర్‌పీస్.

"పాకం ఎలా ఉంది?" చీఫ్ గొంతు.

"పొయ్యి మీదే ఉంది."

కోడ్ సరిపోయింది.

"జాన్ పాల్ లేడయ్యా, నానాజీ."

నానాజీ భుజం మీది దిమ్మ కిందికి దించాడు. ఎనిమిదేళ్ళు ఇద్దరూ కలిసి పనిచేశారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ‘బావా’ అంటే ‘బావా’ అనుకున్నారు. ఏడవడానికి అది చోటు కాదు. తోటి కళాసీలు చూస్తారు. పైగా రోడ్డుకి అటువైపు మేడ మీద ధనశ్రీ ఆఫీసు కిటికీ తెరిచే ఉంది.

"వింటున్నావా?"

"చెప్పండి సార్."

"ఆ పట్టణంలో స్కామ్ కాంపౌండ్ ఉంది. లోపల రెండు వేల మంది. ఉద్యోగాలని తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, పేర్లు మార్చి, గుండ్లు కొట్టించి కూర్చోబెట్టారు. పొద్దస్తమానం ఫోన్లలో జనాన్ని ముంచాలి. ముంచకపోతే కరెంటు షాక్. అందులోంచి పన్నెండు మందిని ఇవాళ జాన్ పాల్ బయటికి తేవాలి. వాళ్ళ లీడర్ రూఫస్. మీ అనకాపల్లి కుర్రాడే."

"తర్వాత?"

"మన టైమ్ నాలుగూ ఇరవైకి రూఫస్ అక్కడి కంప్యూటర్‌లో ఒక వెబ్ పేజీ తెరుస్తాడు. ఏ గేటు, ఏ బండి అన్నది అందులో ఉంటుంది. ఆ పేజీ వాళ్ళు ముందే చదివేశారు. అందుకే జాన్ పాల్ పోయాడు."

"పేజీ ఎక్కడుంది?"

"నీకు రెండు కిలోమీటర్లలో. రైల్వే స్టేషన్ వెనక వీధి. రూఫస్ అక్క తబితా ల్యాప్‌టాప్‌లో. తమ్ముడి కోసం సెక్షన్‌ని ఆశ్రయించింది ఆ పిల్లే."

"ఆపెయ్యమనండి."

"ఆపితే పన్నెండు మందీ జాన్ పాల్ వెనకే పోతారు. ఎందుకో ఆ పిల్లే చెబుతుంది. కొత్త బండి, కొత్త గేటు ఏర్పాటు చేశాం. ఆ సంగతి రూఫస్‌కి చేరాలి. ఇంకో కంట పడకూడదు. నీకు ఏడు గంటల టైముంది."

"ధనశ్రీ?"

"లీకు మనవైపు నుంచే అని ఆమే పొద్దున్న ఫోన్ చేసి చెప్పింది. ఆమె మన మనిషో, వాళ్ళ మనిషో ఇవాళ తేల్చెయ్యి."

ధనశ్రీ గురించి చెప్పాలి. ఓవర్సీస్ జాబ్ కన్సల్టెన్సీ ఆమెది. నల్ల కళ్ళద్దాలు, వంగపండు రంగు పట్టుచీర, మనిషి కన్నా ముందు వచ్చే సెంటు వాసన. ఆమె కారు దిగితే కాటా దగ్గర వేలంపాట కూడా రెండు క్షణాలు నోరు మూసుకుంటుంది. ముప్పై ఒక్కమంది కుర్రాళ్ళని ఆ కాంపౌండ్లకి పంపింది. మూడు నెలల కిందట సెక్షన్ పట్టుకుంటే బోరున ఏడ్చి, ‘తెలియక చేశాను, ఇకనుంచి మీకే పనిచేస్తాను’ అంది. అప్పటినుంచి డబుల్ ఏజెంట్. ఆమె మీద కన్నేసి ఉంచడానికే నానాజీకి ఈ బెల్లం మోత.

* * *

పదింటికి నానాజీ ఎలక్ట్రీషియన్ చొక్కా వేసుకుని, చేతిలో టిఫిన్ క్యారేజీ పట్టుకుని తబితా ఇంటి గుమ్మంలో ఉన్నాడు. క్యారేజీ పై గిన్నెలో ఇడ్లీలు. కింది మూడు గిన్నెల్లో ఉన్నవి తింటే మనిషి బతకడు.

తలుపు తీసింది తల్లి సువార్త. యాభై దాటిన మనిషి, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ముందుగదిలో బల్ల మీద పాత ల్యాప్‌టాప్. ప్లగ్గు దగ్గర అట్టముక్క మీద పెద్ద అక్షరాలు: ‘ముట్టుకుంటే సంపేత్తాను’. పదకొండు రోజులుగా ఆ ల్యాప్‌టాప్ ఆపలేదట. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గు మీదే బతుకుతోంది. కరెంటు పోతే పక్కింటివాళ్ళ ఇన్వర్టర్.

నానాజీ ముందు ఆ పనే చేశాడు. పాత మోడల్ కాబట్టి బ్యాటరీ కింది నుంచి ఊడొస్తుంది. క్యారేజీ రెండో గిన్నెలోంచి కొత్తది తీసి, ల్యాప్‌టాప్ నడుస్తుండగానే బిగించాడు.

"ఇప్పుడు చెప్పమ్మా."

తబితా వెబ్ డెవలపర్. రాత్రిళ్ళు నిద్రలేక ముఖం పీక్కుపోయింది.

"ఇది ఒక బెల్లం వ్యాపారికి చేత్తన్న సైట్ సార్. ఇంకా పూర్తవలేదు. నా ల్యాప్‌టాప్‌లోనే నడుస్తాది, మూడువేల నంబరు పోర్టులో. అంటే ఇంట్లో ఒక గది అనుకోండి. బయటోళ్ళకి కనపడదు. ఆయనకి చూపించాలని టన్నెల్ పెట్టేను. అది ఇంటర్నెట్‌లో ఒక అడ్రస్ ఇస్తాది. ఆ అడ్రస్ ఎవరు కొట్టినా నేరుగా ఈ గదిలోకి వచ్చేస్తారు."

"తాళం?"

తబితా తల దించుకుంది. "లేదు సార్. పాస్‌వర్డ్ పెడితే ఆ పెద్దాయన ‘రాటం లేదమ్మా’ అని పదిసార్లు ఫోన్ చేస్తాడు. గంట సేపు డెమోయే కదా అనుకున్నాను."

ఆ గంటలోనే తమ్ముడి మెసేజ్ వచ్చింది. తెలియని నంబరు. ‘హాయ్ లిండా, రేపు గోల్ఫ్‌కి వస్తున్నావా?’ మోసగాళ్ళ మెసేజ్ అని బ్లాక్ చెయ్యబోయింది. ఇంతలో రెండోది. ‘లిండా, మీ మేకకి కాలు బాగయిందా?’ తబితా కుర్చీలోంచి లేచిపోయింది. లిండాకి మేకేమిటి? మేక వీళ్ళది. కాలు విరిగిన రోజు దాన్ని ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది రూఫస్. వాడికున్నది ఒక్క నిమిషం అని ఆమెకి అర్థమైంది. ఏం పంపాలో తోచక, ఎదురుగా తెర మీద ఉన్న ఆ టన్నెల్ అడ్రస్ పంపేసింది. ఆ నంబరు అంతటితో చచ్చిపోయింది.

మర్నాడు నాలుగూ ఇరవైకి బెల్లం సైట్‌లో కస్టమర్ రివ్యూల పెట్టెలో మూడు మాటలు పడ్డాయి. ‘అక్కా, బతికే ఉన్నాను.’ ఆ కాంపౌండ్‌లో రోజంతా దొంగ షాపింగ్ సైట్లు తయారుచేయడమే పని. ఇంకో సైట్ తెరిచి ఉంటే సూపర్‌వైజర్‌కి అనుమానం రాదు. అప్పటినుంచి రోజూ అదే టైముకి, మూడే నిమిషాలు.

"ఫ్రీ టన్నెల్ సార్. నెట్ పోయొచ్చినా పర్వాలేదు గానీ, ఈ ప్రోగ్రామ్ ఒక్కసారి ఆగిందంటే అడ్రస్ మారిపోద్ది. కొత్త అడ్రస్ ఆడికి చెప్పే దారి లేదు."

నానాజీ కుర్చీ లాక్కుని చూశాడు. చూసినకొద్దీ ఒళ్ళు మండింది. ఒక్క పేజీ చూపించాల్సింది పోయి ఫోల్డర్ మొత్తం తెరిచి ఉంది. తప్పు అడ్రస్ కొడితే, లోపాలు వెతుక్కోవడానికి పెట్టుకున్న డీబగ్ మోడ్ లోపలి గుట్టంతా తెర మీద పరుస్తోంది. పన్నెండు మంది పేర్లు అసలు పేర్లతోనే రాసి ఉన్నాయి. ‘డెలివరీ వివరాలు’ అన్న చోట జాన్ పాల్ వ్యాను నంబరు, మార్కెట్ వెనక సందు, టైము.

"డెమోకి తీసిన తలుపమ్మా ఇది. దీన్లోంచి పన్నెండు ప్రాణాలు నడిపిస్తున్నావు!"

తబితా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నానాజీ అరిచినందుకు సిగ్గుపడ్డాడు. ఎవరొచ్చారో చూపించే లాగ్ తెరిచాడు. నిన్న ఒక్కరోజే మూడువందల నలభై సార్లు తలుపు తెరుచుకుంది. అనకాపల్లి. నర్సీపట్నం. గొలుగొండ. ఉప్మాక.

"ఉప్మాకలో మీకెవరున్నారు? ఎంతమందికి పంపావు ఈ లింకు?"

"ఒట్టు సార్, ఎవరికీ పంపలేదు!"

"నేను పెట్టేను బాబూ," అంది సువార్త వంటింటి గుమ్మంలోంచి.

ఇద్దరూ తిరిగి చూశారు.

"ప్రార్థన గ్రూపులో. ప్రార్థన అంశం ఎంత వివరంగా ఉంటే అంత మంచిదని చెప్తారు కదా. ఊరికే ‘నా కొడుకు కోసం ప్రార్థించండి’ అంటే ఏటి ప్రార్థిస్తారు? అందుకే దీని ఫోన్లో చూసి ఆ అడ్రస్ పెట్టేను."

నానాజీ ఫోన్ తీసుకుని చదివాడు. ‘అందరికీ వందనాలు. నా కుమారుడు రూఫస్ ఈ కింది అడ్రస్‌లోకి క్షేమంగా రావాలని, తెల్ల వ్యాను నడిపే బాబు దారి తప్పకుండా ఉండాలని, గేటు దగ్గర కాపలావాళ్ళ కళ్ళు మూయబడాలని ప్రార్థించండి.’ కింద లింకు.

"గ్రూపులో ఎంతమంది?"

"రెండొందల పన్నెండు మంది. అందరూ ప్రార్థించేవోళ్ళే బాబూ."

కింద వరసగా ఆమెన్లు. ఆమెన్, ఆమెన్, దండం పెట్టే బొమ్మలు. ఏడో మెసేజ్ దగ్గర నానాజీ వేలు ఆగిపోయింది. ‘సిస్టర్ డి’ అన్న పేరుతో: ‘ఆమెన్ ఆంటీ. టైము కూడా రాయండి, ఆ టైముకి ఉపవాసం ఉంటాను.’ దాని కింద పాపం సువార్త టైము కూడా రాసింది.

ఆ నంబరు నానాజీకి కంఠతా వచ్చు. ధనశ్రీ రెండో ఫోన్.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగే ముందు వరసలో మోకరించి ఆమెన్ అంటుంటే ఏ దేవుడికి మాత్రం అనుమానం వస్తుంది?

"ఆ వ్యాను బాబు..." అంది సువార్త. "ఆ బాబుకేటైనా అయ్యిందా?"

నానాజీ అబద్ధం ఆడదామనుకున్నాడు. నోరు రాలేదు. "పొద్దున్న చంపేశారమ్మా."

ఆమె గోడకి చేరగిలబడి కూలిపోయింది. "నా సేతుల్తో నేనే..."

"మీరు కాదమ్మా. చేసింది కాల్చినవాడూ, వాడికి చెప్పిన మనిషీ. ఆ లెక్క నేను చూసుకుంటాను. మీ అబ్బాయిని తెచ్చుకునే పని చూడండి."

* * *

చీఫ్ ఆర్డర్ స్పష్టంగా ఉంది. "ధనశ్రీని ఇప్పుడే ముట్టుకోకు. ఆమె నోరు పడిపోతే అవతలివాళ్ళు కాంపౌండ్ మూసేస్తారు. రూఫస్ ఫోటో పంపే ఉంటుంది. గుండు కొట్టించిన రెండు వేల తలల్లో వాడిని వెతకడానికి వాళ్ళకి ఇవాళంతా చాలదు. పొద్దున్న తొందరపడి జాన్ పాల్‌ని కాల్చేసి ఎర పోగొట్టుకున్నారు, అందుకే కొత్త బండి సంగతికి వాళ్ళకి మళ్ళీ ఆ పేజీ కావాలి. బండి దగ్గర కాపు కాస్తే పన్నెండు మందీ, మనవాళ్ళూ కలిసే దొరుకుతారు."

నానాజీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. "తబితా, తలుపు కదపలేం. తలుపు వెనక ఉన్న మనిషిని మార్చొచ్చా?"

ఆమె కళ్ళు వెలిగాయి. "మార్చొచ్చు! టన్నెల్ ఎప్పుడూ మూడువేలకే పంపుద్ది. నా సైట్‌ని మూడువేల ఒకటికి జరిపేస్తాను. ఖాళీ అయిన మూడువేలలో ఒక కాపలా ప్రోగ్రామ్‌ని కూర్చోబెడదాం. అది ఒప్పుకుంటేనే లోపలికి. టన్నెల్‌ని ముట్టుకోనక్కర్లేదు. అడ్రస్ మారదు."

"కానియ్. ఫోల్డర్ మూసెయ్. డీబగ్ తీసెయ్. పేర్లన్నీ చెరిపెయ్. ఆ ఒక్క పేజీ తప్ప ఇంకేదీ కనపడకూడదు. మనిషికి మూడు ఛాన్సులు. ఒప్పుకునే బటన్ నా చేతిలో."

పన్నెండున్నరకి కాపలావాడు తయారయ్యాడు. అప్పుడొచ్చింది అసలు తంటా. పాస్‌వర్డ్ పెట్టగలరు గానీ అది రూఫస్‌కి ఎలా చెబుతారు? కాబట్టి ప్రశ్న అడగాలి. రూఫస్‌కి తప్ప పుట్టిన ఏ మనిషికీ జవాబు తెలియని ప్రశ్న.

"మేక కాలు?" అన్నాడు నానాజీ.

"ప్రార్థనకి పెట్టేను బాబూ."

"చిన్నప్పుడు ఏదైనా జబ్బు?"

"పచ్చకామెర్లు. పెట్టేను."

"ఫెయిలైన సబ్జెక్టు?"

"మూడుసార్లు పెట్టేను."

"ఎవరినైనా ప్రేమించాడా?"

సువార్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పేరుతో సహా పెట్టేను."

"అమ్మా!" అని తబితా తల పట్టుకుంది.

"మరేటే! బిడ్డ మనసు కుదుటపడాలని పెట్టేను!"

నానాజీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు దేశాల గూఢచారులు ఏడాది తవ్వినా దొరకని సమాచారం ఈ తల్లి ఒక్కతే, ఏ జీతమూ లేకుండా, రోజూ పొద్దున్నే గ్రూపులో పెట్టేసింది. "పెట్టనిది ఒక్కటి... ఒక్కటైనా ఉందా అమ్మా?"

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఒకటుంది," అంది చివరికి. "దేవుడికి కూడా చెప్పనేదు. సిగ్గేసి."

రూఫస్ వెళ్ళిన రోజు స్టేషన్‌కి ఆమె ఒక్కతే వెళ్ళింది. రైలు వచ్చి ఆగాక వాడు చెయ్యి పట్టుకుని, "అమ్మా, నాకు భయమేస్తోంది. వెళ్ళనే," అన్నాడు. ఆమెకి కోపం వచ్చింది. చుట్టాలందరికీ చెప్పుకుంది, కొడుక్కి ఫారిన్‌లో ఉద్యోగమని. ఆ కోపంలో ఒక మాట అంది. వాడు ఇంకేం మాట్లాడకుండా పెట్టె ఎత్తుకుని రైలెక్కేశాడు.

"ఏటన్నాను అంటే..." ఆమె ఆ మాట చెప్పింది. చెప్పి, రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది.

తబితా తల్లి వైపు చూడలేకపోయింది. నానాజీ మెల్లిగా అన్నాడు, "ఇదే అమ్మా మనకి కావల్సింది."

తెర మీద ప్రశ్న పడింది. ‘స్టేషన్‌లో నువ్వు వెళ్ళనన్నప్పుడు అమ్మ ఏమంది?’

* * *

రెండూ అయిదుకి మొదటి జవాబు వచ్చింది. లాగ్‌లో చూస్తే ధనశ్రీ ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్.

‘క్షేమంగా వెళ్ళి లాభంగా రా.’

తప్పు.

రెండూ ఇరవై. ‘దేవుడు తోడుంటాడు నాయనా.’

తప్పు.

రెండూ నలభై. ‘జాగ్రత్త, వేళకి తిను.’

తప్పు. మూడు ఛాన్సులూ అయిపోయాయి. కాపలావాడు ఆ లైను మొహం మీదే తలుపు వేసేశాడు.

"మంచి తల్లి అనే మాటలన్నీ కొట్టింది," అన్నాడు నానాజీ.

సువార్త ముఖం ఇంకా చిన్నబోయింది. తను అన్నమాట గ్రహించి నానాజీ నాలిక్కరుచుకున్నాడు.

నాలుగూ అయిదుకి వీధిలో కారు ఆగింది. సెంటు వాసన ముందొచ్చింది, ధనశ్రీ తర్వాత వచ్చింది. నానాజీ అప్పటికే స్టూలెక్కి సీలింగ్ ఫ్యాను విప్పుతున్నాడు.

"వందనాలు ఆంటీ," అంటూ ఆమె ప్రార్థన గ్రూపు చనువుతో సువార్తని వాటేసుకుంది. నల్ల కళ్ళద్దాల కింద నుంచి కన్నీళ్ళు కూడా కారాయి. "ఉదయం నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. రూఫస్ కోసమే. ఆ రోజు స్టేషన్‌కి నేను రాలేకపోయాను. వాడితో చివరిగా ఏమన్నారాంటీ మీరు? ఆ మాటే తలుచుకుని ప్రార్థన చేద్దాం."

నానాజీ చేతిలో స్పానర్ ఆగిపోయింది. ప్రార్థన అని అడిగితే కాదనడం సువార్తకి ఈ జన్మలో తెలియదు.

సువార్త మెల్లిగా ఆ చేతులు విడిపించుకుంది. "అది నాకూ నా కొడుక్కీ మధ్యనుంది. నీకేటి పని?"

ధనశ్రీ కన్నీళ్ళు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయాయి. కళ్ళద్దాలు తీసింది. గదంతా చూసి, స్టూలు మీద మనిషి దగ్గర చూపు నిలిపింది.

"మూడు నెలలు నా కిటికీ కింద దిమ్మలు మోశావు. కళాసీకి ఫ్యాను రిపేరు కూడా వచ్చా?"

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చెయ్యి బయటికి వచ్చేసరికి అందులో చిన్న పిస్టల్ ఉంది.

"జాన్ పాల్ నీ ఫ్రెండట కదా, పాపం," అంది. "కదలకు. మాకు ఆ బండి దొరక్కపోయినా నష్టం లేదు. ఆ రూఫస్‌కి దొరక్కుండా ఉంటే చాలు." వెనక్కి రెండడుగులు వేసి, అట్టముక్క కూడా చదవకుండా, ప్లగ్గు పట్టుకుని లాగేసింది.

తబితా కెవ్వున అరిచింది.

తెర ఆరలేదు. టన్నెల్ నడుస్తూనే ఉంది. ధనశ్రీ చేతిలో ప్లగ్గూ, తెర మీద వెలుగూ మార్చిమార్చి చూసుకుంది. ఆ ఒక్క క్షణం చాలు. స్పానర్ ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ మంచం కిందికి దొర్లింది. నానాజీ స్టూలు మీద నుంచి దూకి చేతులు వెనక్కి విరిచి కట్టేశాడు.

"రెండు వైపులా బతకాల్సొచ్చింది నాకు," అంది రొప్పుతూ. "ఒకవైపే ఉంటే ఎప్పుడో చంపేసేవాళ్ళు."

"మా బావకి ఒక్క వైపు కూడా మిగల్చలేదు నువ్వు," అన్నాడు నానాజీ. చెయ్యి పైకి లేచింది. సువార్త చూస్తోంది. దించేసుకున్నాడు.

వీధి చివర కాసుక్కూర్చున్న సెక్షన్ మనుషులు ఆమెని తీసుకుపోయారు. నాలుగూ పద్దెనిమిది.

* * *

నాలుగూ ఇరవై. తెర మీద కొత్త లైన్. సరిహద్దు అవతలి అడ్రస్.

‘అమ్మ ఏమీ అనలేదు.’

"వాడే! మా తమ్ముడే!" తబితా బటన్ వైపు చెయ్యి చాపింది. నానాజీ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వాడే కావచ్చు. వాడి కుర్చీలో ఇంకొకడు కావచ్చు. ఏమీ అనలేదని ఎవడైనా కొట్టొచ్చు."

"సార్, టైము అయిపోతోంది! మూడే నిమిషాలు!"

"జవాబు రావాలి. ఫర్వాలేదులే అనుకుని తెరిచిన తలుపే పొద్దున్న ఒకణ్ణి మింగింది."

రెండో లైను. ‘అమ్మ ముద్దు పెట్టి పంపింది.’

తప్పు. ఒక్క ఛాన్సే మిగిలింది. నాలుగూ ఇరవై ఒకటి. నానాజీ తప్పు చేస్తున్నాడా? అవతల నిజంగా వాడే ఉండి, ఈ తలుపు ఇలాగే బిగుసుకుపోతే?

సువార్త తెర దగ్గరికి వచ్చింది. ఆ రెండు లైన్లూ కూడబలుక్కుని చదివింది.

"ఆడేనే," అంది. "నన్ను దాస్తన్నాడు. ఎవరు చూస్తారో అని, అమ్మని చెడ్డదాన్ని చెయ్యకూడదని దాస్తన్నాడు, పిచ్చినాయన." కళ్ళు తుడుచుకుంది. "తబితా, ఆ ప్రశ్న కింద నేను చెప్పింది రాయే."

తబితా నానాజీ వైపు చూసింది. సువార్త చెప్పినదాంట్లో జవాబు లేదు. శత్రువు చూసినా ఏమీ తెలియదు. నానాజీ తలూపాడు.

తెర మీద ప్రశ్న కింద ఇంకో లైను పడింది. ‘అన్నాను నాయనా. ఆ మాట అన్నాను. దాయకు. ఉన్నదున్నట్టు రాసెయ్.’

ఇరవై సెకన్లు. ముప్పై. నలభై. నాలుగూ ఇరవై రెండు దాటింది.

మూడో లైను వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో, హడావిడిగా, తప్పులతో. తబితా పైకి చదివింది.

‘ఉద్యోగం లేకుండా వస్తే నువ్వు నా కడుపున పుట్టలేదనుకుంటాను అంది.’

నానాజీ బటన్ నొక్కాడు.

బెల్లం సైట్ తెరుచుకుంది. డెలివరీ వివరాలు: అయిదో గేటు, చేపల ఐసు లారీ, సూపర్‌వైజర్ షిఫ్ట్ మారే టైము. నలభై సెకన్లు ఆ పేజీ అవతల తెరిచి ఉంది. పోబోయే ముందు రివ్యూల పెట్టెలో ఒక లైను పడింది.

‘లేకుండానే వస్తున్నాను. రావచ్చా అమ్మా?’

సువార్త కూతురిని పక్కకి తోసేసింది. ఎప్పుడూ కీబోర్డు ముట్టని మనిషి, ఒక్క వేలితో వెతుక్కుంటూ ఆర్ నొక్కింది. తర్వాత ఏ కోసం వెతికింది. దొరికింది.

‘రా.’

అవతల లైను మూసుకుపోయే లోపల చదివాడో లేదో తెలియదు.

* * *

ఆరూ పదికి ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "లారీ నది దాటింది. పన్నెండు మందీ ఉన్నారు. ఇద్దరికి ఒళ్ళు బాగాలేదు, బతుకుతారు." తర్వాత, "జాన్ పాల్‌ని కూడా అదే లారీలో పంపుతున్నారు. ఐసు ఉంది కదా," అన్నాడు.

నానాజీ వీధి అరుగు మీద కూర్చుని, ఈసారి ఎవరు చూస్తారోనని చూసుకోకుండా, చొక్కా చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. సువార్త వచ్చి పక్కన కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసింది. ఆ బాబుకి తల్లి ఉందా అని అడిగింది. ఉందన్నాడు. "అయితే నేను కూడా వత్తాను, ఆమె దగ్గరికి," అంది. లోపల తబితా టన్నెల్ ఆపేసి, బల్ల మీద తల పెట్టి అలాగే నిద్రపోయింది.

"నానాజీ," చీఫ్ ఇంకా లైన్‌లోనే ఉన్నాడు. "రిపోర్ట్‌లో ఒక ఖాళీ ఉందయ్యా. ఆ జవాబు ఏమిటో రాయలేదు నువ్వు."

"రాయను సార్."

"రూల్ ప్రకారం రాయాలి."

నానాజీ ముక్కు తుడుచుకున్నాడు. "మీ అమ్మగారు మిమ్మల్ని ఎప్పుడైనా మర్చిపోలేని మాట అన్నారా సార్?"

ఇయర్‌పీస్‌లో చీఫ్ పెన్ను మూసిన చప్పుడు వినిపించింది. 

"అననిదెవరయ్యా?" అన్నాడు చీఫ్.

"అయితే ఆ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి సార్. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది."